కోడలు రాసిన గాయాలు

ఆ ఇంట్లో పొద్దున పూట మాటలు తగ్గిపోయి ఎనిమిది నెలలయింది. పెద్దకొడుకు ఆఫీసుకు చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. వంటింటి గట్టు దగ్గర టీచరమ్మ కూరగాయలు తరుగుతోంది. బడి మానేసి ఆరేళ్ళయినా వీధి వీధంతా ఆమెను టీచరమ్మనే పిలుస్తుంది. ఆమె చేత చెవి మెలిపెట్టించుకోని మగాడు ఆ వీధిలో లేడని వాడుక. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీకి వెళ్ళిన డాక్టరు కోడలు ఇంకా ఇల్లు చేరలేదు.

చిన్నకొడుకుకు బస్టాండులో సెల్‌ఫోన్లు బాగుచేసే బడ్డీ ఉండేది. ఎనిమిది నెలల కిందట అక్కడ బాంబు పేలింది. పంతొమ్మిది మంది పోయారు. అందులో అతనొకడు. ఆఖరిసారి మొహం చూస్తానంటే, "చూడలేవమ్మా, వద్దు" అని నలుగురూ కలిసి టీచరమ్మను పక్కకు తీసుకుపోయారు. అప్పటి నుంచి ఆమె కంట నీటిచుక్క రాలలేదు. లోపల ఏదో గడ్డకట్టుకుపోయింది.

మేడమీదావిడ పేపరు పట్టుకుని మెట్లు దిగి వచ్చింది.

"చూశారా టీచరమ్మా ఈ ఘోరం! ఆ బాంబు పెట్టినవాణ్ణి ఇంక పోలీసుల దగ్గర ఉంచొద్దని జడ్జిగారు జైలుకు మార్చారట. ఒంటినిండా దెబ్బలున్నాయని ఎవరో లేడీ డాక్టరు రాసిచ్చిందట. పెద్దాసుపత్రి డాక్టరే! మీ కోడలికి తెలిసే ఉంటుంది కదూ, ఆవిడెవరో?"

అడగడం అమాయకంగానే అడిగింది, కళ్ళు మాత్రం ఇల్లంతా వెతుకుతున్నాయి. టీచరమ్మ కొడుకు వైపు చూసింది. ఇస్త్రీపెట్టె చొక్కా మీదే ఉండిపోయింది. కాలిన వాసన వచ్చాక గానీ అతను దాన్ని ఎత్తలేదు.

కోడలు వచ్చేసరికి మేడమీదావిడ వెళ్ళిపోయింది. కోడలింకా చెప్పులు విప్పనేలేదు, అత్తగారు ఎదురుగా నిలబడింది.

"ఆ కాగితం రాసింది నువ్వేనా?"

"నేనే అత్తయ్యా."

బుకాయింపు లేదు, నసుగుడు లేదు. టీచరమ్మకు ఒళ్ళు మండిపోయింది.

"నా చిన్నోడి మొహం నాకు చూపించను కూడా లేదు. ఆ పని చేసినవాడి ఒళ్ళు మాత్రం నువ్వు తడిమి తడిమి చూశావు. దెబ్బలు లెక్కపెట్టావు. చేతులెలా వచ్చాయే నీకు?"

"అతనే చేశాడని ఇంకా తేలలేదు అత్తయ్యా."

"పోలీసులకి పనిలేక పట్టుకొచ్చారా?"

పెద్దకొడుకు గొంతు సవరించుకున్నాడు. "గాయాలేం లేవని ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోయేది? ఇన్‌స్పెక్టరు నీకు ముందే చెప్పాడటగా!"

"చెప్పాడు. 'మీ మరిదిని చంపినవాడు మేడమ్, మీకు నేను చెప్పాలా' అన్నాడు. అన్నీ నింపేసిన కాగితం చేతిలో పెట్టాడు. సంతకం ఒక్కటే ఖాళీ. ఆ కుర్రాడు నడవలేకపోతుంటే ఇద్దరు మోసుకొచ్చారు. పట్టుకెళ్ళి తొమ్మిది రోజులైందట. లాయర్ని రానివ్వలేదు. ఎక్కడున్నాడో ఇంట్లోవాళ్ళకి చెప్పలేదు. డాక్టరు దగ్గరికి తేవడం అదే మొదటిసారి."

"ఏం చేశారు వాణ్ణి? కోర్టులో చదివారుగా, నాకూ చెప్పు. నా కడుపు చల్లబడుతుంది."

కోడలు చెప్పులు విప్పి పక్కన పెట్టింది. తర్వాత వార్డులో కేసు చెప్పినట్టే చెప్పింది.

"అరికాళ్ళు రెండూ ఉబ్బి పగిలిపోయాయి. కుడిచేతికి మూడు గోళ్ళు లేవు. ఎడమ భుజం కీలు తప్పింది. చేతులు వెనక్కి కట్టి వేలాడదీస్తే అలా తప్పుతుంది. చెవి వెనక కాల్చిన మచ్చలు..."

"చాలు."

కడుపు చల్లబడలేదు. వాడి గోళ్ళు ఊడితే తనకు పండగలా ఉండాలి కదా, ఎందుకు లేదు? ఆ కోపం కూడా కోడలి మీదికే మళ్ళింది.

"రేపు వాడే చేశాడని తేలితే?"

"అతనే చేసినా ఇదే రాసేదాన్ని అత్తయ్యా. శిక్ష వేయడానికి కోర్టుంది. నా ముందుకొచ్చిన ఒంటి మీద ఏది కనబడితే అది రాయాలి నేను."

ఆ మాటతో అయిపోయింది.

"అయితే నీ చేతి మంచినీళ్ళు కూడా నాకొద్దు. నా కళ్ళ ముందు నుంచి వెళ్ళు."

కోడలు మొగుడి వైపు చూసింది. అతను కాలిన చొక్కా మడత పెడుతూ ఉండిపోయాడు. పది నిమిషాల్లో ఆమె ఒక సంచీ సర్దుకుని ఆసుపత్రి క్వార్టర్సుకు వెళ్ళిపోయింది.

మూడు వారాలు గడిచాయి. ఆసుపత్రిలో ఎవరో కోడలి స్కూటరు అద్దాలు పగలగొట్టారని తెలిసింది. ఆ కబురు మోసుకొచ్చిన మేడమీదావిడ, "చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత" అంది. టీచరమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆరోజు కలిపిన అన్నం కంచంలోనే వదిలేసింది.

బాంబు పెట్టాడన్న ఆ కుర్రాణ్ణి మళ్ళీ కోర్టుకు తెస్తున్నారని తెలిసి ఆమె కొడుకును వెంటబెట్టుకుని వెళ్ళింది. వాడి మొహం ఒక్కసారి చూడాలనుంది. ముందు బెంచీలో కూర్చుంది.

పాతికేళ్ళుంటాయేమో. ఫ్రిజ్‌లు బాగుచేసేవాడట. బోను చెక్కను పట్టుకుని ఒక కాలి మీదే నిలబడ్డాడు. రెండో కాలు ఆనగానే వెంటనే ఎత్తేస్తున్నాడు. జడ్జిగారు చూసి స్టూలు వేయించారు. కూర్చోమన్నా అతను వెంటనే కూర్చోలేదు. పక్కనున్న పోలీసు వైపు చూసి, తర్వాత కూర్చున్నాడు.

ప్రభుత్వ లాయరు అతను ఇచ్చాడన్న వాంగ్మూలం పైకి చదివాడు.

"ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటలకు బస్టాండులోని సెల్‌ఫోన్ల బడ్డీకి వెళ్ళాను. ఫోను బాగుచేయమని బడ్డీ యజమానికి ఇచ్చాను. అతను పనిలో ఉండగా అరగంట అక్కడే కూర్చుని, నా సంచీ అతని బల్ల కింద పెట్టి వచ్చేశాను..."

టీచరమ్మకు చెవుల్లో హోరు మొదలైంది.

మూడు గంటలకా?

ఆ రోజు ఆమెకు జ్వరం. పెద్దకొడుకూ కోడలూ పనులకు వెళ్ళిపోయారు. చిన్నోడు బడ్డీ తెరవకుండా ఆమె పక్కనే కూర్చున్నాడు. తడిగుడ్డ నుదుటి మీద వేసి, మళ్ళీ తడిపి, మళ్ళీ వేశాడు. నాలుగింటికి జ్వరం కాస్త దిగగానే ఆమే పంపించింది. "ఆడపిల్లలా ఇంట్లో కూర్చుంటావేరా, పో, బేరాలు పోతాయి" అంది. నవ్వుతూ వెళ్ళాడు. నాలుగున్నరకు బాంబు పేలింది. చేతులారా చావుకు పంపానన్న మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. దిండుకు కూడా చెప్పలేదు.

మూడింటికి ఆ బడ్డీకి తాళం వేసి ఉంది. పక్కకొట్ల వాళ్ళెవరూ బతికి లేరు. ఆ సంగతి తెలిసిన మనిషి లోకంలో తనొక్కతే.

కోర్టు మెట్ల మీద కొడుకును ఆపింది. "చిన్నోడు ఆ రోజు ఎన్నింటికి వెళ్ళాడని చెప్పావురా పోలీసులకి?"

"రోజులాగే తొమ్మిదింటికని చెప్పానమ్మా."

"ఎవర్ని అడిగి చెప్పావు?"

"అడిగేదేముంది? నువ్వు అప్పుడు మాట్లాడే స్థితిలో ఉన్నావా? ఎందుకిప్పుడు?"

ఆమె మెట్లు దిగిపోయింది. నేరుగా క్వార్టర్సుకు నడిచింది. "అమ్మా, అమ్మా" అంటూ వెనకే వచ్చినవాడు ఆ గేటు దాకా వచ్చి అక్కడే ఆగిపోయాడు.

కోడలు తలుపు తీసింది. చిక్కిపోయింది. పక్క మీద ఒకే దుప్పటి, కిటికీలో తినకుండా వదిలేసిన బన్ను. లోపలికి రండి అనడానికి కూడా ఆమెకు ధైర్యం చాలలేదు.

"మంచినీళ్ళివ్వు" అంది టీచరమ్మ.

కోడలు గ్లాసు అందించింది. టీచరమ్మ గుక్క తిప్పుకోకుండా తాగి, కుర్చీలో కూలబడి, జ్వరం సంగతి మొదలుకుని అంతా చెప్పింది. చెబుతుంటే కోడలు మెల్లగా నేల మీద కూర్చుండిపోయింది.

"పెద్దోడు నోటికొచ్చింది చెప్పాడు. పోలీసులు దాన్ని తీసుకెళ్ళి ఆ కుర్రాడి నోట్లో కుక్కారు" అంది టీచరమ్మ. "గోళ్ళు పీకితే నేనైనా ఒప్పుకుంటాను, నా కొడుకును నేనే చంపానని. మరి నిజంగా పెట్టినవాడో? ఎక్కడో కాళ్ళు చాపుకుని టీ తాగుతుంటాడు. కేసు తేలిపోయిందని నేనేమో నిన్ను గడప దాటించి కూర్చున్నాను."

"మీ బాధ నాకు తెలియదా అత్తయ్యా!"

"ఆగు, ఇంకొకటుంది. అతనే చేసినా రాసేదాన్నన్నావు చూడు, అది నాకింకా మింగుడుపడలేదు. పడుతుందో లేదో కూడా తెలీదు. అబద్ధం ఎందుకాడాలి?" ఖాళీ గ్లాసు కింద పెట్టి, "ఆ కాళ్ళు నయమవుతాయా?" అంది.

"నడుస్తాడు. మునుపటిలా కాదు."

టీచరమ్మ తలాడించింది. "కాగితం ఇవ్వు. జడ్జిగారికి రాస్తాను."

"రాస్తే వీధిలో మిమ్మల్ని కూడా నాలాగే చూస్తారు. ఆ రోజు చిన్నోణ్ణి మీరే పంపారని పదిమందిలో చెప్పాల్సి వస్తుంది. ఆలోచించుకోండి."

"వీధిలో సగంమందికి ఓనమాలు దిద్దించింది నేనే. చూస్తే చూడనీ."

బల్ల ముందు కూర్చుని, బడిలో నల్లబల్ల మీద రాసినట్టు గుండ్రంగా, విడివిడిగా రాయడం మొదలుపెట్టింది. 'ఆ రోజు సాయంత్రం నాలుగు గంటల వరకు మా చిన్నబ్బాయి ఇంట్లోనే, నా పక్కనే ఉన్నాడు.'

అక్కడ కలం ఆగిపోయింది. తను రాసిన వాక్యాన్ని తనే మళ్ళీ చదువుకుంది. ఎనిమిది నెలలుగా ఆమె లెక్కలో ఆ రోజంటే నాలుగు గంటల తర్వాతే. పొద్దుటి నుంచి నాలుగు దాకా తన నుదుటి మీద ఆడిన చేతులు ఇప్పుడు గుర్తొచ్చాయి.

"నా పక్కనే ఉన్నాడే" అంది కోడలితో. "నాలుగింటి దాకా నా పక్కనే ఉన్నాడు." గొంతు పగిలి ఏడుపు బయటికొచ్చింది. కోడలు లేచి ఆమె తలను తన పొట్టకు హత్తుకుంది. అత్తాకోడళ్ళ ఏడుపు విని, గేటు దగ్గర నిలబడ్డ పెద్దకొడుకు లోపలికొచ్చి, గుమ్మంలో తల వంచుకుని నిలబడ్డాడు.

చాలాసేపటికి టీచరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. కన్నీళ్ళు పడి మొదటి కాగితం అలుక్కుపోయింది. కొడుకును ఇంకో కాగితం అడిగి తీసుకుని, మొదటి నుంచి మళ్ళీ రాసి, చివర తన పేరుతో సంతకం పెట్టింది.