పక్క స్విచ్చుకు తాళం

"స్విచ్ ఆపాను కదా! ప్లగ్గు కూడా పీకాలా? నా మీద ఆ మాత్రం నమ్మకం లేదా?"

వారం నుంచి నలుగుతున్న తగువే. అడుగుతున్న భర్త వేళ్ళు మిక్సీ జార్‌లో బ్లేడు పక్కన ఉన్నాయి.

"లేదండీ," అంటూ ఆమె ప్లగ్గు పీకేసింది.

"అది కాపురం చేస్తోంది మిషన్లతోరా, నీతో కాదు," అంది అత్తగారు. కోడలు ఫ్యాక్టరీలో ఫిట్టరని మాత్రమే ఆవిడకు తెలుసు. సీక్రెట్ సర్వీస్‌లో ఆ కోడలి కోడ్ నేమ్ 'గొళ్ళెం'.

ఫ్యాక్టరీ దగ్గర బస్సు దిగగానే స్క్రూడ్రైవర్ పిడిలోంచి చీఫ్ గొంతు వినిపించింది. "టార్గెట్, మిసైల్ డిజైన్ ఇంజనీర్. విదేశీ ముఠా అతన్ని ఇవాళే చంపబోతోంది, యాక్సిడెంట్‌లా కనిపించేట్టు. నువ్వు కాపాడాలి. మన 'నెమలి' సేఫ్టీ ఆఫీసర్ వేషంలో అక్కడే ఉంది."

"మోకాళ్ళ నొప్పులు సార్. ఇక మానేస్తాను."

"మిషన్ అయ్యాక మాట్లాడదాం."

ఎప్పుడూ ఆ మాటే.

షెడ్డులో ఉక్కు రేకుల్ని అచ్చులో నొక్కే పెద్ద ప్రెస్సు ఆగి ఉంది. ఇంజనీరు టార్చి లోపల పెట్టి, తల దూర్చబోతున్నాడు. నెమలి, కాటుక చెదరకుండా, లిప్‌స్టిక్ తిప్పుకుంటూ నిలబడింది.

"ఆగండి సార్. నిజంగా ఆగిందో లేదో స్టార్ట్ నొక్కి చూడాలి."

"మెయిన్ స్విచ్ ఆపి తాళం వేశానక్కా. తాళంచెవి నా జేబులోనే ఉంది. నమ్మకం లేదా?" అని నవ్వింది నెమలి.

"పొద్దున్న మా ఆయనా ఇదే అడిగారు." ఇంజనీరును వెనక్కి లాగి బటన్ నొక్కింది.

ప్రెస్సు దభీమని దిగింది. టార్చి పచ్చడైపోయింది.

తాళం వేలాడుతున్నది పక్క ప్రెస్సు స్విచ్చుకు.

"అయ్యో, పొరపాటున..."

ఆమె నెమలి మణికట్టు మెలిపెట్టింది. లిప్‌స్టిక్ కింద పడింది. దాని అడుగున చిన్న రిమోట్ బటన్.

"పొరపాటుకి బటన్ ఉండదమ్మా."

గార్డులు నెమలిని తీసుకుపోయారు. గొళ్ళెం ప్రెస్సును పైకి లేపి, జారకుండా కింద ఉక్కు దిమ్మ పెట్టింది. అసలు స్విచ్ ఆపి తన తాళం వేసింది. ఇంజనీరు చేత అతని తాళమూ వేయించింది. మళ్ళీ బటన్ నొక్కింది. ఏదీ కదల్లేదు.

"ఇప్పుడు దూరండి."

స్క్రూడ్రైవర్‌తో అంది: "మిషన్ అయింది సార్. నేనూ అయిపోయాను. సొంత మనుషుల్ని కూడా నొక్కి చూసుకునే ఓపిక ఇక లేదు."

రాత్రి అందరికీ వడ్డించి, తనూ కూర్చున్నాక మెల్లగా చెప్పింది.

"ఉద్యోగం మానేశాను. రేపట్నుంచి ఇంట్లోనే ఉంటాను."

అత్తగారి ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది.

"నిజంగానా?" అన్నాడు భర్త.

"నమ్మకం లేకపోతే," అందామె మోకాలు రుద్దుకుంటూ, "బటన్ నొక్కి చూసుకోండి."