నాలుగులో ఆగే లిఫ్టు

ఆ నాలుగో అంతస్తుకి మంచి పేరు లేదు. అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసి చాలా కాలమైంది. తలుపులకి తాళాలు, కిటికీల నిండా దుమ్ము. గోడ మీది లిఫ్టు బటన్ కూడా ఊడబీకేశారు.

పీకితే మాత్రం ఏం లాభం? చీకటి పడ్డాక ఎవరు పైకెళ్ళినా... లిఫ్టు అక్కడే ఆగేది.

ఆగితే ఆగింది — లైటు ఆరిపోయేది. తలుపులు వాటంతటవే తెరుచుకునేవి. ఎదురుగా పొడుగాటి వరండా, చిమ్మచీకటి. అందులోంచి... చెప్పుల చప్పుడు. ఓ చిన్న దగ్గు. కాసేపటికి తలుపులు మూసుకునేవి.

ఇదంతా మా అక్క చెప్పగా విన్నాను. అక్క కొట్టు ఐదో అంతస్తులో. బట్టలు కుడుతుంది. ఆవిడ కుట్టంటే చెవి కోసుకునే ఆడవాళ్ళు బోలెడంతమంది. పాపం వాళ్ళంతా ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు, రావడమే చీకటి పడ్డాక. ఒకసారి ఆ దగ్గు విన్నవాళ్ళు రెండోసారి రాలేదు.

"టైలరమ్మా, నా గౌను నువ్వే కిందికి తెచ్చివ్వు తల్లీ, నీకు పుణ్యముంటుంది," అని ఒకావిడ ఫోన్లో కూడా గుసగుసలాడిందట. పోనీ మెట్లెక్కి వస్తారా అంటే, ఐదంతస్తులు ఎవరెక్కుతారు? ఎక్కినా నాలుగు దాటాలిగా!

"నెలాఖరుకి ఖాళీ చేసేస్తానురా తమ్ముడూ," అంది అక్క. "ఎన్నేళ్ళు కష్టపడి నిలబెట్టుకున్నాను... ఏడుపొస్తోంది."

ఇక మా బావ. లిఫ్టులు తయారుచేసే కంపెనీలో ప్రోగ్రాములు రాస్తాడు. అక్క ఎక్కే లిఫ్టు కూడా వాళ్ళదే. దెయ్యం అన్న మాట వింటే ఆయనకి ఒళ్ళుమంట. "ఒక్కసారి వచ్చి చూడండి," అని అక్క అడిగినప్పుడల్లా తీరిక లేదనేవాడు. తీరిక కాదు, ధైర్యం లేదని నా అనుమానం.

చివరికి అక్క కొట్టు తాళాలు తెచ్చి ఆయన చేతిలో పెట్టి, "ఇక మీరే నడుపుకోండి," అంది. దెబ్బకి దిగొచ్చాడు. తోడుకి నేను.

సాయంత్రం చీకటి పడ్డాక ముగ్గురం ఎక్కాం. రెండు... మూడు...

లైటు ఆరిపోయింది.

తలుపులు మెల్లగా తెరుచుకున్నాయి. నా మోచెయ్యి ఎవరో గట్టిగా పట్టుకున్నారు. చూస్తే బావ.

"భయమా బావా?"

"నోర్ముయ్. నువ్వు జడుసుకుంటావని."

ఖళ్... ఖళ్... ఎవరో దగ్గారు.

బావ నెత్తి కొట్టుకున్నాడు. "ఒరేయ్... ఈ ఆగడం, లైటారడం, తలుపులు తెరుచుకోవడం... ఇది నేను రాసిందేరా!"

పైకెళ్ళి కూర్చున్నాక విషయం చెప్పాడు. లిఫ్టులో చిన్న కంప్యూటరుంటుంది. దాన్ని నడిపే పెద్ద తలకాయ లాంటి ప్రోగ్రాం పేరు కెర్నల్. ఏ బటన్ నొక్కినా అది చేస్తున్న పని ఆపేసి, ఆ బటన్‌కి రాసిపెట్టిన పని వైపు పరిగెడుతుంది. ఆ పనినే ఇంటరప్ట్ హ్యాండ్లర్ అంటారు. అది మెమరీలో ఏ చోట ఉందో కెర్నల్ ఓ పట్టికలో చూసుకుంటుంది.

ఈమధ్య కొత్త ప్రోగ్రాం ఎక్కించేటప్పుడు బావ ఆ హ్యాండ్లర్లన్నిటినీ వేరే చోటికి తరలించాడు. ఇల్లు మారినవాళ్ళు కొత్త అడ్రసు ఇచ్చినట్టు, పట్టికలో కొత్త చోట్లు రాశాడు. నాలుగో అంతస్తుకి తప్ప.

"ఖాళీ అంతస్తే కదా, ఎవడు నొక్కుతాడులే అని వదిలేశా," అని నసిగాడు.

ఆ పాత చోట ఇప్పుడు వేరే పని కాపురముంటోంది — కరెంటు పోతే దగ్గరి అంతస్తులో ఆగి, లైటార్పి, తలుపులు తెరిచే పని. బటన్ పీకిన చోట వైర్లు వేలాడుతున్నాయి. లిఫ్టు నాలుగు దగ్గరికి రాగానే ఆ అదురుకి అవి ఒకదానికొకటి తగులుతాయి. బటన్ నొక్కారనుకుని కెర్నల్ పాత అడ్రసుకి పరిగెడుతుంది. పగలూ అలాగే ఆగేదట, వెలుతుర్లో ఎవరూ పట్టించుకోలేదు.

అక్క నడుం మీద చేతులు పెట్టుకుంది. "అయితే నా కొట్టుకి పట్టిన దెయ్యం మీరన్నమాట!"

నేను నవ్వాపుకోలేక చచ్చాను. తేరుకున్నాక అడిగాను, "మరి ఆ దగ్గు బావా?"

"నా ప్రోగ్రాంలో దగ్గు లేదు," అన్నాడు చిరాగ్గా.

మర్నాడు అడ్రసు సరిచేశాడు, వైర్లు కత్తిరించాడు. చీకటి పడ్డాక ఒక్కడే ఎక్కి చూస్తానని బయల్దేరాడు. లిఫ్టు ఎక్కడా ఆగకుండా పైకెళ్ళింది, కిందికొచ్చింది. బావ బయటికొచ్చాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఆగలేదు. బాగుంది," అన్నాడు. గ్లాసుడు నీళ్ళు గటగటా తాగేశాడు.

అక్క కొట్టు మళ్ళీ కళకళలాడింది. ఇప్పుడు పలకరించడానికి కూడా ఆవిడకి తీరిక దొరకదు.

మొన్న కొట్టు మూసే వేళకి వెళ్ళాను. అక్కా, బావా, నేనూ కిందికి దిగాం. అక్క బండి దగ్గరికెళ్ళింది. వెనకాల గుయ్యిమంటూ చప్పుడు... ఖాళీ లిఫ్టు దానంతటదే పైకెళ్తోంది. రెండు... మూడు... నాలుగు.

ఆగింది.

"బావా! మళ్ళీ అడ్రసు తప్పిందా?"

"తప్పలేదు. నేనే రాశా. రోజూ కొట్టు మూశాక ఒక్కసారి."

"ఎవరికోసం?"

బావ అటూ ఇటూ చూశాడు. నా చెవి దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"నేనొక్కణ్ణే ఎక్కిన రోజు లిఫ్టులో నా వెనకే నిలబడి అడిగింది... ఇక నాలుగులో ఆగదా నాయనా అని. పెద్దావిడరా పాపం. మెట్లెక్కే ఓపిక లేదు."