పిల్లిగద్దల బీడు

ఫోన్ మోగినప్పుడు నా చేతుల నిండా దోసె పిండి. మోచేత్తో స్పీకర్ నొక్కాను.

"బృందా, నాయన ట్రాక్టరోణ్ణి రావద్దన్నాడు. బీడు దున్నేది లేదంట," అన్నాడు మా ఆయన గోకులకృష్ణన్.

ఆ పిండి చేతులతోనే అత్తయ్యను కౌగిలించుకున్నాను. పాపం, ఆమె చీర.

పెళ్ళయి ఇరవై రోజులు. కోవిల్‌పట్టి దగ్గర మా మామయ్య నల్లసామి గారి నల్లరేగడిలో నాలుగెకరాలు ఎప్పటినుంచో గడ్డిబీడు. చలికాలంలో మధ్య ఆసియా మైదానాల నుంచి వచ్చే పిల్లిగద్దలు పగలంతా చేలమీద తిరిగి, సాయంత్రానికి ఆ గడ్డిలో దిగి నేలమీదే పడుకుంటాయి. ఇప్పుడే దున్నిపెట్టి, వచ్చే వానలకు మొక్కజొన్న వేస్తానని మామయ్య పట్టుబట్టారు. దున్నేస్తే వాటికి చుట్టుపక్కల ఇంకో చోటు లేదు.

గోకులకృష్ణన్‌తో నా మొదటి పోట్లాట కూడా ఆ బీడులోనే. రెండేళ్ళ క్రితం విరుదునగర్ కాలేజీ నుంచి గద్దల లెక్కకు వచ్చి, అవి పడుకున్న చోటల్లా చిన్న ఎర్ర జెండా గుచ్చి వెళ్ళాను. మర్నాటికి ఒక్కటీ లేదు. గట్టుమీద ఒకతను జెండాల కట్ట చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను సోలార్ కంపెనీ కోసం నేల కొలుస్తున్నానని అనుకున్నాడట. తమిళంలో దబాయించాడు. నేనూ తమిళంలోనే మొదలుపెట్టి, కోపంలో ఇంటి తెలుగులోకి జారిపోయాను.

అతను మెత్తబడ్డాడు. "మీ ఇంట్లోనూ తెలుగేనా?"

"కోపమొస్తే తెలుగే."

మరుసటి రోజు వెళ్ళేసరికి జెండాలన్నీ తిరిగి నాటి ఉన్నాయి. తాడు పట్టి, మూడడుగులకొకటి, పత్తి సాళ్ళలా తిన్నగా. గద్దలు వరసలో పడుకోవని చెప్పబోయి నవ్వేశాను. నా లెక్క మొత్తం పోయింది. మనసూ పోయింది.

ఈ వారం మామయ్యతో వాదించలేదు. గద్దలు అరగక కక్కిన ఉండలు గడ్డిలోంచి ఏరి తెచ్చి, ఆయన ముందు పేపరు మీద విప్పాను. కళ్ళజోడు పెట్టుకుని చీపురుపుల్లతో కెలికారు. అన్నీ మిడతల కాళ్ళే. మన పైరు మేసినవేనా ఇవి అని అడిగారు. అవునన్నాను. మూడు రోజులకు, ఈ పొద్దున ఆ ఫోన్ వచ్చింది.

ఈ మధ్యాహ్నం కొడుకుతో పాటు కంచం ముందు కూర్చుని మామయ్య, నావైపు చూడకుండానే మాట్లాడారు.

"అరవై ఏండ్లు ఆ బీడు పక్కనే తిరిగినాను. ఒక్కనాడూ నిలబడి చూడలేదమ్మా. రేపు పొద్దు వాలకముందే నన్నూ మీ అత్తనూ పిలుచుకోని పో. ఆమె కండ్లు మంచివి, ఆమె లెక్కేస్తుంది. వీడు గూడా రానీ, వాయి మూసుకోని ఉంటేనే."