మూకీ బొమ్మ మీద నీడ

ఆ వీడియో షాపు పైగది గురించి వీధిలో ఎవరూ మంచి మాట అనరు. షాపు మూతపడి ఏళ్ళయింది. పైన ఉండేది ఒక్క మగమనిషి. కానీ చీకటిపడ్డాక అవతలి వైపు నుంచి తలెత్తి చూస్తే... కిటికీలోంచి కనబడే గోడ మీద ఆడమనిషి నీడ కదులుతుందంటారు. వస్తుంది, ఆగుతుంది, వెళ్ళిపోతుంది. కాసేపటికి మళ్ళీ వస్తుంది. కింద వాటాలో అద్దెకు దిగినవాళ్ళు సామాన్లు పూర్తిగా విప్పకుండానే ఖాళీ చేశారట.

నేను చూడలేదు. చూసింది మా అక్క, పెద్దమ్మ కూతురు. తను చెప్పింది చెప్పినట్టు చెబుతున్నా.

అక్క పని సినిమాల గురించి రాయడం. ఒకే సినిమా టేపుగా, డిస్కుగా, మళ్ళీ శుభ్రం చేసిన కొత్త డిస్కుగా వస్తే, ఏది కొనుక్కోవాలో పోల్చి చెబుతుంది. దేంట్లో బొమ్మ తేటగా ఉంది, దేంట్లో తలలు తెగిపోయాయి, దేంట్లో మనుషులు కోళ్ళలా గబగబా పరిగెడుతున్నారు... ఇదీ పని. "చూసిన సినిమానే మళ్ళీ మళ్ళీ చూడ్డానికటే నిన్ను అంత చదివించింది?" అని పెద్దమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

ఆసారి వంతు ఒక పాత మూకీ సినిమాది. డిస్కులు రెండూ ఇంట్లోనే చూసేసింది అక్క. మిగిలింది అన్నిటికంటే ముందొచ్చిన టేపు. అది ఎక్కడా దొరకలేదు. వాకబు చేస్తే తెలిసింది... దాన్ని తయారుచేసింది ఆ పైగదిలో మనిషేనని. ఒకప్పుడు ఎక్కడో రీలు సంపాదించి, గోడ మీద బొమ్మ వేసి, దాన్ని వీడియో కెమెరాతో తీసి, కాపీలు చేసి అమ్మాడట. అందరూ ఆయన్ని టేపుల బాబాయ్ అంటారు.

డిస్కుతో పోల్చి చూడ్డానికి వస్తున్నానని ముందే కబురు పెట్టింది అక్క. మెట్లెక్కేసరికి వీధి దీపాలు వెలిగాయి. ఆయన తలుపు తీశాడు. రా అనలేదు, కూర్చో అనలేదు.

"కొత్త డిస్కు తెచ్చావా?"

"తెచ్చాను బాబాయ్. ముందు మీ టేపు చూస్తా."

గదిలో ఒక మంచం, టేపులూ డిస్కులూ వేసే ఒక ప్రొజెక్టర్, ఎదురుగా తెల్లగోడ. దీపం ఆర్పాడు. బొమ్మ మొదలైంది.

మసక బొమ్మ. అంచుల్లో తలలు తెగుతున్నాయి. అక్క అనుకున్నట్టే ఉంది. సగం దాటాక ఒక సీను వచ్చింది... హీరో ఇంటికి తిరిగొస్తే ఇల్లు ఖాళీ. వట్టి గోడ, ఒక కుర్చీ. చాలాసేపు అంతే.

ఎడమ అంచు నుంచి ఒక నీడ లోపలికొచ్చింది.

ఆడమనిషి. మధ్యదాకా వచ్చి ఆగింది. ఏదో అనబోతున్నట్టు గడ్డం కదిలింది. కింద నుంచి ఒక చెయ్యి నీడ లేచింది... ఐదు వేళ్ళూ చాపి, ఆగు అన్నట్టు. ఆడమనిషి కాసేపు నిలబడి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

అక్క ఊపిరి బిగబట్టింది. ఆ వెంటనే నవ్వొచ్చేసింది.

"బాబాయ్, ఎవరో ప్రొజెక్టర్‌కి అడ్డమొచ్చారు!"

"మీ పిన్ని."

అంతేనా! వీధిని హడలగొట్టిన దెయ్యం ఇదా, అనుకుంది అక్క. పెళ్ళాం నీడ కోసం ముసలాయన రోజూ ఆ టేపే వేసుకుంటున్నాడు, అంతే కదా.

"ఏదో చెప్పబోయింది," అన్నాడాయన. "రికార్డింగ్ నడుస్తోంది, మాట్లాడకు అని చెయ్యి చూపించా."

"మూకీ సినిమాకి మాట్లాడితే మాత్రం ఏం పాడయ్యేది బాబాయ్?"

అనేశాక గానీ అక్కకి తెలియలేదు, ఏమందో. ఆయన టేపు డబ్బా మూత తీస్తూ, పెడుతూ ఉండిపోయాడు.

"రీలయ్యాక కిందికి వెళ్తే... మెట్ల దగ్గర పడుంది. ఒళ్ళు చల్లబడిపోయింది. గుండె అన్నారు." గొంతు తగ్గించాడు. "అదే చెప్పడానికొచ్చిందో... ఇంకేమైనానో."

డబ్బా పక్కన పెట్టి, "ఇప్పుడు నీ డిస్కు పెట్టు," అన్నాడు.

"ఇందులో పిన్ని ఉండదు బాబాయ్. ఇది ఎక్కడో వేరే రీలు నుంచి తీశారు."

"పెట్టమ్మా."

పెట్టింది. అదే సీను. గీత లేదు, మరక లేదు. కుర్చీ నీడ కూడా గీసినట్టు తెలుస్తోంది. ఇంట్లో ఎన్నిసార్లు చూసిందో ఆ వట్టి గోడని...

ఎడమ అంచున... నీడ.

అక్క గిరుక్కున వెనక్కి తిరిగింది. ప్రొజెక్టర్ వెలుగుకి అడ్డంగా ఎవరూ లేరు. దుమ్ము తేలుతోంది, అంతే. మళ్ళీ గోడ వైపు చూసేసరికి ఆవిడ మధ్యకొచ్చి ఆగింది. టేపులో మసగ్గా ఉన్నది ఇప్పుడు తేటగా ఉంది... జారిన జుట్టుముడి, గుండె మీద నొక్కిపెట్టుకున్న అరచెయ్యి.

బాబాయ్ ముందుకి వంగాడు.

"చెప్పవే... వింటున్నా. ఈసారి వింటున్నా."

నీడ పెదవులు విడివడ్డాయి.

అప్పుడు... కింద నుంచి చెయ్యి లేచింది. ఐదు వేళ్ళూ చాపి.

అక్క ఆయన వైపు చూసింది. ఆయన చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి. ఒకదాన్నొకటి పట్టుకుని, లేవకుండా మోకాళ్ళ మధ్య అదిమిపెట్టి ఉన్నాయి. గోడ మీది చెయ్యి మాత్రం దిగలేదు.

"వద్దు... దించు... దించరా..." అంటున్నాడాయన. తనని తనే.

ఆవిడ పెదవులు మూసుకుంది. కాసేపు నిలబడింది. వెళ్ళిపోయింది. గోడ మీద తర్వాతి సీను వచ్చింది.

సంచీ ఎలా తీసుకుందో, తలుపు దాకా ఎలా వచ్చిందో అక్కకి గుర్తులేదు. మెట్ల మీద ఉండగా ఆయన పిలిచాడు. ఎవరికీ చెప్పొద్దంటాడేమో అనుకుంది.

"అమ్మాయ్... దీనికంటే బాగా చేసి, ఇంకోటి వేస్తారంటావా? దాంట్లోనైనా..."

ఇక వెయ్యరని అక్కకి తెలుసు. అసలు రీలు పొడి పొడైపోయిందని, ఇదే ఆఖరిదని కంపెనీవాళ్ళు అట్ట మీదే అచ్చువేశారు.

"వేస్తారు బాబాయ్," అంది.

"అయితే అప్పటిదాకా ఉంటాలే," అని ఆయన తలుపు వేసుకున్నాడు.