గోడమీది పళ్ళు

కడుపుతో ఉన్న పిల్ల రోజూ అందమైన బిడ్డ బొమ్మ చూడాలని మా అత్త నూకాలమ్మ ఒక క్యాలెండర్ తెచ్చింది. నాకు ఆ బొద్దుబాబు నచ్చలేదు. సాక్చీ బజారులో ఫుట్‌పాత్ మీద నేను వేరే పటం చూసుకున్నాను. హాలెండ్ దేశంలో ఎప్పుడో వందల ఏళ్ళ కిందట వేసిన బొమ్మకి ప్రింటట. నల్లటి చీకట్లోంచి గులాబీలూ, పేరు తెలియని పెద్దపెద్ద పూలూ బరువుగా తలలు వాల్చి బయటికి చూస్తున్నాయి. కింద బల్లమీద ద్రాక్షగుత్తి, పీచ్ పళ్ళు, సగం ఒలిచిన నిమ్మకాయ. దాని తొక్క మెలికలు తిరిగి బల్ల అంచునుంచి వేలాడుతోంది. ఒక ద్రాక్షపండు మీద నీటిబొట్టు. అది ఇప్పుడే జారిపోతుందేమో అనిపించేది. చూసిన వెంటనే మనసు పారేసుకున్నాను.

"ఫ్రేమ్ పురానా హై, పర్ మజ్‌బూత్ హై," అన్నాడు అమ్మేవాడు. ఫ్రేమ్ పాతదే గానీ గట్టిదట.

మా ఆయన శ్యామ్ నవ్వాడు. "పూలు తేలేదని రోజూ అలుగుతావు. ఇవైతే వాడవు. చలో, తీసుకో."

బిర్సానగర్‌లో మాది రెండు గదుల ఇల్లు. మంచానికి ఎదురుగా మేకు కొట్టి తగిలించాడు. అత్త నడుమ్మీద చేతులేసుకుని చూసింది.

"బాబు బొమ్మ ఎట్టుకోవే అంటే పళ్ళ బొమ్మ ఎట్టుకుంది. పనసకాయని కంటాదేటి ఈ పిల్ల?"

నేనూ నవ్వాను గానీ నా భయం నాకుంది. కిందటేడు ఐదో నెలలో కడుపు పోయింది. ఈసారి ఏడో నెల. పడుకునే ముందు పొట్టమీద చెయ్యేసుకుని చూసేదాన్ని. బిడ్డ కదిలితేనే నాకు నిద్ర.

పటం వచ్చాక నాకొక కోరిక పట్టుకుంది. చింతకాయలు కాదు, మట్టి కాదు. ఆ పళ్ళు. శ్యామ్ బిష్టుపూర్ వెళ్ళి ద్రాక్ష తెచ్చాడు, పీచ్ పళ్ళూ వెతికి తెచ్చాడు. నోట్లో పెట్టుకుంటే చప్పగా ఉన్నాయి. అవి వేరు, ఇవి వేరు అని ఎలా చెప్పను?

సీమంతానికి ముందు రోజు శ్యామ్ గమ్హరియా ఫ్యాక్టరీలో మధ్యాహ్నం బి షిఫ్టుకి వెళ్ళాడు. అత్త బజారుకి బయల్దేరింది. "గాలివానొచ్చీలా ఉంది. తలుపేసుకో. బేగి వత్తాను," అంది.

నాలుగు కాకుండానే ఆకాశం నల్లబడిపోయింది. ఎర్రదుమ్ము లేచి కిటికీ అద్దాల్ని కప్పేసింది. ఎవరింటిదో రేకు ఎగిరి ఎక్కడో పడింది. కరెంటు పోయింది. పట్టపగలే గదిలో నా చెయ్యి నాకు కనబడలేదు.

అప్పుడొచ్చింది వాసన. బాగా మాగిన పళ్ళ వాసన. తియ్యగా, నోట్లో నీళ్ళూరేలా. ఆ తీపి అడుగున ఇంకేదో ఉంది... మూడు రోజుల కిందటి పూలదండ వాసన. కాలి ఆరిపోయిన అగరుబత్తి వాసన.

మెరుపు మెరిసింది. పటం ఒక్క క్షణం కనబడింది. నల్లటి చీకట్లో పూల వెనకాల ఇంకా చోటున్నట్టుంది. ఎవరైనా నిలబడేంత చోటు.

పిచ్చిదాన్ని, నాకు ఇంకా అదంతా అందంగానే ఉంది. గోడ దగ్గరికెళ్ళి ముద్దుగా అడిగాను. "ఒక్కటి పెట్టవా నాకు?"

గాజులు గలగలమన్నాయి.

నా చేతులకి మట్టిగాజులు లేవు. రేపు వేయాల్సినవి ఇంకా బీరువాలోనే ఉన్నాయి.

మళ్ళీ గలగల... ఇంకొంచెం దగ్గరగా. నా పెదాలకి ఏదో తగిలింది. చల్లగా, గుండ్రంగా, తడిగా. నోరు మూసుకోవాలి... మూసుకోలేకపోయాను. కొరికాను. ఎంత తీపి...

"నీకొకటి..." గుసగుస నా చెవి పక్కనే. ఆడగొంతు. "నాకొకటి..."

మళ్ళీ ఒకటి. నమలకుండానే గొంతులోకి జారిపోతోంది. ఏడుస్తూ తిన్నాను. తింటూనే ఉన్నాను...

తలుపు దబదబ బాదిన చప్పుడు. అత్త గొంతు. "శైలజా! తలుపు తియ్యే!"

ఎలా తీశానో తెలీదు. అత్త తడిసిపోయి ఉంది. ఫోన్ లైటు నా మొహమ్మీద వేసింది. నా గడ్డం మీది తడిని వేలితో తీసి వాసన చూసింది. లైటు పటం మీదికి తిప్పింది. అందులో ఒక్క పండూ తగ్గలేదు. కింద గోడమాత్రం తడి.

పటం దింపి నేలమీద బోర్లించింది. చాకు తెచ్చి వెనకాల సీలలు ఊడబీకింది. అట్ట తీస్తే దాని కింద ఇంకొక ఫొటో. పాత ఫొటో తియ్యకుండానే దానిమీద మా ప్రింటు పెట్టేసి, ఫ్రేమ్ మూసేశాడు ఆ అమ్మేవాడు.

ఎవరో పిల్ల. నా ఈడుదే. సీమంతం ఫొటో. బుగ్గలకి గంధం, మోచేతులదాకా గాజులు, నెలలు నిండిన కడుపు. అడుగున తెలుగులో అచ్చేసి ఉంది. ఈశ్వరి. పుట్టిన తేదీ. పోయిన తేదీ.

ప్రింటులో పళ్ళున్న చోటు సరిగ్గా ఆ పిల్ల ఒడిమీదికొచ్చింది.

"చచ్చిపోయిన మనిషి పటం ఇది. కడుపుతోనే పోయినట్టుంది," అంది అత్త గుసగుసగా. "దీని ముందర ఎట్టింది కడుపుతో ఉన్నోళ్ళు ముట్టకూడదు. నిజం చెప్పు. ఏటైనా తిన్నావా?"

నోటినిండా తీపి ఇంకా ఉంది.

"లేదత్తా," అన్నాను.

ఆ రాత్రి బిడ్డ కదల్లేదు. కుడివైపు తిరిగాను, ఎడమవైపు తిరిగాను, చల్లనీళ్ళు తాగాను. కదల్లేదు. తెల్లారగానే సీమంతం ఆపేసి, శ్యామ్, అత్త నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ పొట్టమీద మిషన్ పెట్టింది. గుండెచప్పుడు గదంతా వినబడింది. టకటకా, గట్టిగా. శ్యామ్ కళ్ళు తుడుచుకున్నాడు. అత్త నా చెయ్యి పట్టుకుని ఏ దేవుడికో మొక్కుకుంది.

"బచ్చా బిల్కుల్ ఠీక్ హై," అంది డాక్టరమ్మ. తర్వాత నా పాత కాగితాలు తీసి చూసింది. మిషన్ ఇంకోసారి పెట్టి, మళ్ళీ కొలిచింది.

"పది రోజుల కిందటి స్కాన్... ఇది మీదేనా?"

"నాదేనమ్మా."

"అందులో ఏడో నెల అని ఉంది." ఆవిడ తెరవైపే చూస్తోంది. "ఈ బిడ్డకి తొమ్మిదీ నిండిపోయాయి."

అత్త నా చెయ్యి వదిలేసింది.