పోగేసిన మంచు

"వచ్చింది ప్రమోదా! ట్రాయ్ ఆస్పత్రిలో రెసిడెన్సీ వచ్చింది!"

యోగానంద్ ఇంకా ఫోన్ పెట్టెయ్యనే లేదు. ప్రమోద మంచం మీదికెక్కి గంతులేస్తోంది.

పెళ్లయి రెండు నెలలు. ఆ రెండు నెలలూ ఎదురుచూసిన కబురు ఇది. ఇక మిచిగన్‌లో కాపురం. సొంత అపార్ట్‌మెంట్. ఊరంతా తనని డాక్టరుగారి భార్య అంటుంది.

ఈ సంగతి ఎవరికైనా చెప్పాలి... ఎవరికైనా సరే!

బాల్కనీ తలుపు తోసుకుని బయటికి పరిగెడుతుంది.

కొలరాడో కొండల మీద చీకటి పడుతోంది. 1981 మార్చి. ఈ ఏడు మంచు సరిగ్గా పడలేదు. స్కీయింగ్ చేసే వాలంతా ఎండిన గడ్డి, మధ్యమధ్య బురద. వాళ్లు దిగిన లాడ్జి మొత్తానికి గెస్టులు వాళ్లిద్దరే.

కింద ఇద్దరు మనుషులు చుట్టిన కార్పెట్ ఒకటి మోసుకెళుతున్నారు.

"హలో!" అంటూ ప్రమోద రెండు చేతులూ ఊపుతుంది.

వాళ్లు ఉలిక్కిపడి తలెత్తుతారు. కార్పెట్ ఒక పక్కకి ఒరుగుతుంది.

అందులోంచి ఒక చెయ్యి జారి వేలాడుతుంది...

ముందున్నవాడు లాడ్జి ఓనరు డేల్. పొద్దున్న రూమ్ తాళం చేతికివ్వకుండా కౌంటర్ మీదికి విసిరినవాడు. ఇప్పుడు తాపీగా ఆమెకేసి చెయ్యి ఊపుతాడు.

తర్వాత అదే చేతి వేలితో కిటికీలు లెక్కపెడతాడు.

ప్రమోద లోపలికొచ్చి చెప్పిందంతా విని యోగానంద్ పోలీసులకి ఫోన్ చెయ్యబోతాడు. లైన్ లేదు. ఇప్పటిదాకా పలికిన ఫోన్!

మెట్ల మీద బూట్ల చప్పుడు.

ఇద్దరూ బూట్లలోకి కాళ్లు దూరుస్తారు. వెనక మెట్లు... వంటగది... పెరటి తలుపు! బయట వాళ్ల కారుకి అడ్డంగా ట్రక్కు పెట్టి ఉంది.

"గడ్డి మీదే పరిగెత్తండి," ప్రమోద గుసగుసలాడుతుంది. "మంచు మీదైతే అడుగులు పడతాయి."

మంచు పడకపోవడమే మంచిదయింది. వచ్చిన దగ్గర్నుంచీ సణుగుతున్నందుకు మనసులోనే లెంపలేసుకుంటుంది.

వాలు చివర చెక్క కేబిన్లు. అన్నీ ఖాళీ. మూడోదాని తలుపు తోస్తే తెరుచుకుంటుంది. ఇద్దరూ లోపలికి దూరి సోఫా వెనక కూలబడతారు. యోగానంద్ ఆమె చెయ్యి పట్టుకుంటాడు. ఇంత భయంలోనూ ఆ చెయ్యి వెచ్చగా ఉండటం ఆమెకి బాగుంటుంది.

టార్చి వెలుగు మొదటి కేబిన్ దాటుతుంది. రెండోదీ దాటుతుంది.

యోగానంద్ చూపు ఆమె పాదాల మీద పడుతుంది. తర్వాత తన పాదాల మీద.

మేజోళ్లు!

ఎవరింటికెళ్లినా గుమ్మం ముందు చెప్పులు విడవడం పుట్టినప్పట్నుంచీ ఉన్న అలవాటు. ప్రాణభయంతో పరిగెత్తుకొస్తూ కూడా ఇద్దరూ బూట్లు బయటే విడిచొచ్చారు. పక్కపక్కనే. పొందిగ్గా.

వెలుగు ఆగిపోతుంది.

తలుపు తెరుచుకుంటుంది.

"పద్ధతైన మనుషులే," అంటాడు డేల్. చేతిలో రివాల్వర్. "బూట్లు అక్కడే ఉండనివ్వండి. ఇక మీకు వాటితో పనిలేదు."

వట్టి మేజోళ్లతో బురదలో నడిపిస్తాడు. కొండ మొత్తం మీద మంచు మందంగా ఉన్నది ఒక్కచోటే, కేబుల్‌కి వేలాడే కుర్చీల్లో జనాన్ని కొండపైకి చేర్చే స్కీ లిఫ్ట్ కింద. శనివారం రేసు కోసం ఎక్కడెక్కడి మంచో ట్రక్కుల్లో తెచ్చి పోగేశారు. ఆ కుప్ప పక్కనే కార్పెట్. దాని పక్కన పార పట్టుకుని, ఇందాక కార్పెట్ మోసిన రెండోవాడు రస్. లిఫ్ట్ నడిపేవాడు, డేల్‌కి బావమరిది.

డేల్ ఏమీ దాచడు. చచ్చేవాళ్ల దగ్గర దాపరికం దేనికి? కార్పెట్‌లో ఉన్నవాడు లిఫ్ట్ ఇన్‌స్పెక్టర్. కేబుల్ తెగిపోయేలా ఉందన్నాడు. రేపు లిఫ్ట్‌కి సీలు వేస్తానన్నాడు. రేసు ఆగితే ఈ ఏడు లాడ్జికి తాళమే. అందుకే రెంచితో తలమీద ఒక్క దెబ్బ.

"తవ్వండి."

యోగానంద్ మోకాళ్ల మీద కూర్చుంటాడు. కార్పెట్‌లోంచి బయటికొచ్చిన ఆ చెయ్యి అతనికి తగులుతుంది.

మణికట్టు దగ్గర అతని వేళ్లు ఆగిపోతాయి.

"ప్రమోదా, ఏడువు," అంటాడు తలెత్తకుండా, తెలుగులో. "గట్టిగా ఏడువు. ఇతను బతికే ఉన్నాడు. నాకు కొంచెం టైమ్ కావాలి."

ఆమె మంచులో కూలబడి శోకాలు మొదలుపెడుతుంది. "ఓరి నీ లాడ్జి తగలెయ్యా... నీ మంచంతా కరిగి కాలవలైపోనూ... నువ్విచ్చిన కాఫీ కుక్క కూడా ముట్టదు కదరా..."

డేల్ చిరాగ్గా నోరు ముయ్యమంటాడు. ఆమె ఇంకా గొంతు పెంచుతుంది. ఆ సందట్లో యోగానంద్ కార్పెట్ వదులు చేసి, ఇన్‌స్పెక్టర్ తల పక్కకి తిప్పి, ఊపిరాడేలా చేస్తాడు.

తర్వాత నిలబడి ఇంగ్లిష్‌లో, రస్‌తో మాత్రమే మాట్లాడతాడు.

"నేను డాక్టర్ని. ఇతనికి పల్స్ ఉంది. ఇప్పుడు నువ్వు మంచు కప్పితే, ఇతన్ని చంపింది నువ్వే అవుతావు."

రస్ మొహం పాలిపోతుంది. "చచ్చిపోయాడని చెప్పావు, డేల్."

"చస్తాడులే. ఆ పార ఇటివ్వు."

డేల్ పార కోసం చెయ్యి చాస్తాడు. రస్ అతని మీద పడి, అతని రెండో చేతిలోని రివాల్వర్ లాగేస్తాడు.

ఢాం!

డేల్ మంచులోకి బోర్లా పడతాడు. మళ్లీ కదలడు.

ప్రమోదకి దొంగ ఏడుపు కాస్తా నిజం ఏడుపైపోతుంది. ఇన్‌స్పెక్టర్ మూలుగుతాడు. అంత తియ్యటి చప్పుడు ఆమె జన్మలో వినలేదు! యోగానంద్ అప్పుడే తన మఫ్లర్‌తో ఆ తలకి కట్టు కడుతున్నాడు. రస్‌కి దణ్ణం పెట్టినంత పనిచేసి, వెంటనే ఆంబులెన్స్ పిలవమంటుంది ప్రమోద.

రస్ కదలడు.

డేల్‌నే చూస్తున్నాడు. ఇందాకటి వరకు రస్ ఎవర్నీ చంపలేదు.

ఇప్పుడు చంపాడు. చూసినవాళ్లు ఇద్దరు... కాదు, కళ్లు తెరుస్తున్న ఇన్‌స్పెక్టర్‌తో కలిపి ముగ్గురు.

రివాల్వర్ మెల్లగా ఇటు తిరుగుతుంది.

"కట్టు గట్టిగా కట్టు, డాక్టర్," అంటాడు రస్, అలసిపోయిన గొంతుతో. "మనిషి కూచోగలిగితే చాలు. రేపు పొద్దున్నే ఆ కేబుల్‌తోనే లిఫ్ట్ స్టార్ట్ చేస్తాను. మొదటి కుర్చీలో పైకెళ్లేది మీ ముగ్గురే."