రక్తం బాగానే ఉంది

ఆ ఇంట్లో తెల్లారేది కాఫీతో కాదు, మాత్రతో. పెద్దాయన కళ్ళు తెరిచి కాళ్ళు కింద పెట్టేలోపే ఒక చేతిలో నీళ్ళ గ్లాసు, రెండో చేతిలో చిన్న పసుపురంగు మాత్ర పట్టుకుని కూతురు మంచం పక్కన సిద్ధంగా ఉంటుంది. ఆమె ఫార్మసీ చదువుకుని ఒక పెద్ద మందుల షాపులో పనిచేస్తోంది. తండ్రి మాత్రం "డాక్టరమ్మా" అనే పిలుస్తాడు. అందులో మురిపెం ఎంతో, వెక్కిరింత ఎంతో ఆయనకే తెలియాలి.

"మింగు నాన్నా."

"మింగుతాలే. ముందు పూర్తిగా మెలకువ రానీ."

"మెలకువొస్తే నీకు వంద సాకులు గుర్తొస్తాయి. నోరు తెరు."

వంటింట్లోంచి తల్లి గొంతు వినబడింది. "పెళ్ళాం చెబితే ఒక్కటీ వినరు గానీ, కూతురు రాళ్ళిచ్చినా మింగేస్తారు!"

"రాళ్ళు నీ వంటలో రోజూ మింగుతూనే ఉన్నాగా," అన్నాడాయన. ముగ్గురూ నవ్వుకున్నారు. ఆ నవ్వుల సందట్లో ఆయన మంచం పట్టె పట్టుకుని నిలబడటానికి ఎంత అవస్థ పడ్డాడో ఎవరూ చూడలేదు.

ఆయన టైలరు. ఇంటి ముందుగదే దుకాణం. కోటు కుట్టాలంటే ఆయనే కుట్టాలని పేరు. గుడ్డ కొసను రెండు వేళ్ళ మధ్య నలిపి, ఉతికితే ఏ మాత్రం కుంచించుకుపోతుందో కళ్ళు మూసుకుని చెప్పేసేవాడు. భార్య పక్కనే పీట వేసుకుని గుండీలు కుట్టేది, కాజాలు తీసేది. పని మధ్యలో ఇద్దరూ దెబ్బలాడుకునేవాళ్ళు, మళ్ళీ పని మధ్యలోనే కలిసిపోయేవాళ్ళు.

కిందటి ఏడాది ఆయనకు నీరసం పట్టుకుంది. ముఖం పాలిపోయింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. కూతురు రక్త పరీక్ష చేయించింది. రక్తం తగ్గింది, ఉన్న కణాలేమో మామూలు కంటే పెద్దవిగా ఉన్నాయి. అలా కావడానికి ముఖ్యంగా రెండు విటమిన్ల కొరత కారణమని ఆమె చదువుకుంది. ఒకటి ఆకుకూరల్లో ఉండే ఫోలిక్ యాసిడ్, రెండోది పాలు, గుడ్లు, మాంసంలో దొరికే బి12.

"డాక్టరుకి చూపిద్దామే," అంది తల్లి.

"ఇంట్లో నేనుండగా డాక్టరెందుకమ్మా? నాన్న పొద్దున్నే గుడ్డు తింటాడు, రాత్రి పాలు తాగుతాడు. బి12 తగ్గే ప్రసక్తే లేదు. ఆకుకూర పెడితే మాత్రం 'నేనేమన్నా మేకనా' అని కంచం పక్కకి తోస్తాడు. మరి ఏది తగ్గి ఉంటుంది? నువ్వే చెప్పు!"

తల్లి ఏం చెబుతుంది? కూతురు తెలివికి మురిసిపోయింది. ఫోలిక్ యాసిడ్ మాత్రలు మొదలయ్యాయి. కొన్ని నెలలు తిరిగేసరికి రక్తం పెరిగింది, ముఖంలో కళ వచ్చింది, ఆయాసం పోయింది. తల్లి ఇరుగుపొరుగుతో చెప్పుకుని పొంగిపోయింది. అప్పటినుంచీ ఆ ఇంట్లో ఒంటికి సంబంధించిన ఏ విషయంలోనైనా కూతురి మాటే వేదం.

ఒకసారి మాత్రం ఆయన నసుగుతూ చెప్పాడు. "తల్లీ, వేళ్ళకి గుడ్డ తెలియట్లేదు. పట్టుకున్నది నూలో సిల్కో కళ్ళతో చూస్తే గానీ తెలియట్లేదు. కాళ్ళు కూడా దూది మీద నడిచినట్టున్నాయి."

ఆమె అశ్రద్ధ చేయలేదు. ఆ మాట చెప్పుకోవాలి. మర్నాడే మళ్ళీ రక్తం తీయించింది. చక్కగా ఉంది. కణాలు కూడా మామూలు సైజుకి వచ్చేశాయి. "రక్తం బాగానే ఉంది నాన్నా. ఇంకేం లేదు, వయసు. కాస్త విశ్రాంతి తీసుకుంటే అదే సర్దుకుంటుంది," అంది భుజం తట్టి. ఆయన బుద్ధిగా తలూపాడు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఆమె అడిగినప్పుడల్లా "బాగానే ఉందమ్మా" అనేవాడు.

ఇప్పుడు కూతురికి షాపులో పెద్ద బాధ్యత ఇచ్చారు. వచ్చే వారం నుంచి తెల్ల కోటు వేసుకుని, మిగతా వాళ్ళందరి మీదా అజమాయిషీ చేయాలి. కోటు బజార్లో కొంటానంటే తండ్రి ఒప్పుకోలేదు.

"టైలరు కూతురు కొన్న కోటు వేసుకుంటే నా మిషను నన్ను చూసి నవ్వుతుంది. సాయంత్రానికి తయారుగా ఉంటుంది పో," అన్నాడు ఆ పొద్దున్న.

ఆమె చెప్పులేసుకుంటుంటే తల్లి గుమ్మం దాకా వచ్చి గొంతు తగ్గించింది. "ఆ కాలరు ఇప్పటికే విప్పి విప్పి కుట్టారు. ఎప్పటి నుంచో వచ్చేవాళ్ళు కూడా గుడ్డ వెనక్కి తీసుకుపోతున్నారు. నిన్న సాయంత్రం వీధిలో తూలిపోతూ వచ్చారు. నాకెందుకో అనుమానంగా ఉందే."

"ఏం అనుమానం?"

"సాయంత్రం మాట్లాడదాం, వెళ్ళిరా."

సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి ముందుగదిలో దీపం వెలుగుతోంది. కోటు హ్యాంగరుకి వేలాడుతోంది. దూరం నుంచి బాగానే ఉంది. దగ్గరికెళ్ళి చూస్తే ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. కాలరు వెనక్కి తిప్పి చూసింది. లోపలి కుట్టు పొడుగునా ఎర్రటి చుక్కలు.

"ఇదేంటి నాన్నా? రక్తం?"

ఆయన బిత్తరపోయి తన చేతులవైపు చూసుకున్నాడు. ఎడమ చూపుడువేలి కొన తూట్లు పడి ఉంది. రక్తం గోరు చుట్టూ ఎండిపోయింది. "అరె! ఎప్పుడు గుచ్చుకుందో!" అన్నాడు.

"చూసుకోవద్దా? వచ్చే వారం ఇది వేసుకుని పదిమందిలో నిలబడాలి నేను!"

లోపలినుంచి తల్లి వచ్చింది. ముఖం గంటు పెట్టుకుని ఉంది. "ఎలా చూసుకుంటారే? కళ్ళు నిలబడితే కదా! ఇందాక దారపుండ తెస్తానని వెళ్ళి, చీకటి పడ్డాక గోడలు పట్టుకుంటూ వచ్చారు. వీధివీధంతా చూసింది. ఇన్నేళ్ళు కాపురం చేసి ఈ వయసులో ఈ భాగ్యం కూడా చూడాల్సొచ్చింది నాకు."

"ఏమంటున్నావమ్మా?"

"తాగుతున్నారు. ఇంకేమనాలి?"

ఆయన మిషను పక్కన నిలబడి ఉన్నాడు, ఒక చెయ్యి బల్ల మీద ఆనించి. "నేను తాగలేదే," అన్నాడు మెల్లగా.

"ఏదీ, ఊపిరి వదలండి."

ఏనాడూ సిగరెట్టయినా ముట్టని మనిషి. కూతురి ఎదుట, భార్య ముఖం మీదికి వంగి, చిన్నపిల్లాడిలా నోరు తెరిచి ఊపిరి వదిలాడు. తల్లికి వాసనేమీ తగల్లేదు. అయినా కోపంతో ఉన్న మనిషికి వెనక్కి తగ్గడం ఎక్కడ చేతనవుతుంది? "ఏలక్కాయ నమిలుంటారు," అంది.

తండ్రి కూతురివైపు చూశాడు. ఆమె ఒక్క మాట అంటే చాలు. "అమ్మా, ఊరుకో" అంటే చాలు.

"నిజం చెప్పు నాన్నా," అంది ఆమె. "నీ రక్తం నేనే పరీక్ష చేయించాను. అంతా బాగుంది. జబ్బేమీ లేదు. మరి జబ్బు లేని మనిషి ఎందుకు తూలుతాడు? ఎందుకు కుట్టు తప్పుతుంది?"

"నాకూ అదే తెలియట్లేదమ్మా. రక్తం బాగుందని నువ్వే అన్నావు. అంటే బాగోలేనిది నేనేనేమో." ఆయన కత్తెర తీసి మిషను మీద పెట్టాడు. "రేపటినుంచి కొట్టు తెరవను. వచ్చినవాళ్ళకి చెప్పేయండి."

ఆయన గోడ పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు. తల్లి ముక్కు చీదుకుంటూ పీట మీద కూలబడింది. కూతురు కోటు తీసుకుని పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళింది.

నీళ్ళ కింద కాలరు రుద్దుతూ ఆ చుక్కలవైపు మళ్ళీ చూసింది. ఒకటి కాదు, రెండు కాదు. కుట్టు కుట్టుకీ ఒక చుక్క. ఎవరికైనా సూది ఒక్కసారి గుచ్చుకుంటే "అబ్బా" అంటారు, చెయ్యి దానంతటదే వెనక్కొస్తుంది. ఈయన అదే వేలిలో సూది దించుకుంటూ కాలరు మొత్తం కుట్టేశాడు. తెలియలేదు. గుడ్డ తెలియట్లేదని అప్పుడే చెప్పాడు కదా! దూది మీద నడిచినట్టుందని చెప్పాడు కదా!

ఎప్పుడో పరీక్షకి బట్టీపట్టిన ముక్క ఒకటి అప్పుడు గుర్తొచ్చింది. ఆ ముక్కకి మార్కులు కూడా పడ్డాయి. ఆమె చేతుల్లోంచి కోటు జారి బురదలో పడింది.

మర్నాడు డాక్టరు పెద్దాయన్ని నిలబెట్టి, పాదాలు దగ్గరగా పెట్టి కళ్ళు మూసుకోమన్నాడు. కళ్ళు మూసీ మూయగానే ఆయన నరికిన చెట్టులా ఒరిగిపోయాడు. డాక్టరు పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు. "కాళ్ళకి నేల తెలియట్లేదు. వెలుతుర్లో కళ్ళతో చూసుకుంటూ నడుస్తున్నారు, చీకటి పడితే తూలిపోతున్నారు," అన్నాడు.

రిపోర్టులు రావడానికి రెండు రోజులు పట్టింది. కూతురు ఊహించిందే అయింది. బి12 దాదాపు లేదు.

"గుడ్లు, పాలు తీసుకుంటారండీ," అంది ఆమె. తన గొంతు తనకే కొత్తగా ఉంది.

"తీసుకుంటే సరిపోదమ్మా. వయసు పైబడ్డాక కొందరి కడుపు ఆ విటమిన్‌ని తిండిలోంచి లాక్కోలేదు. కంచంలో ఉన్నా ఒంటికి అందదు. రక్తం తయారీకీ అదే కావాలి, నరాలకీ అదే కావాలి. ఫోలిక్ యాసిడ్ ఇస్తే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది. నరాలకి మాత్రం దానివల్ల ఉపయోగం లేదు. అవి లోపల్లోపల పాడైపోతూనే ఉంటాయి." డాక్టరు తలెత్తాడు. "బి12 చూడకుండా ఈ మాత్రలు ఎవరిచ్చారు?"

"నేనే."

డాక్టరు తల దించి చీటీ రాయసాగాడు. తిట్టినా బాగుండుననిపించింది ఆమెకి. ఇంజక్షన్లు మొదలుపెట్టారు. కొంత స్పర్శ తిరిగి రావచ్చు, కొంత రాకపోవచ్చు, ఆలస్యమైంది కాబట్టి ఇప్పుడే మాటివ్వలేనన్నాడు డాక్టరు.

ఇంటికొచ్చాక కూతురు తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పింది. దాచకుండా, చదువుకున్న మాటల చాటున దాక్కోకుండా చెప్పింది. తల్లి తలుపు దగ్గర నిలబడి వింది.

"నా మంచికే కదమ్మా ఇచ్చావు," అన్నాడాయన.

"మంచికే ఇచ్చాను నాన్నా. కానీ నువ్వు చెప్పినప్పుడు వినలేదు. కాయితం మీద అంకెలు చూశాను గానీ నీ చేతులు చూడలేదు. ఆ రోజే పట్టించుకుని ఉంటే..."

ఆయన తన వేళ్ళవైపు చూసుకున్నాడు. "నువ్వు బాగుందన్నాక, నాకే పని మీద బద్ధకం పుట్టిందేమో అనుకున్నాను. ఒళ్ళు వంచలేక వేళ్ళ మీద నెపం వేస్తున్నానేమోనని నన్ను నేనే తిట్టుకున్నాను. అయితే నిజంగానే తెలియట్లేదన్నమాట."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఏదో బరువు దిగినట్టుంది. కూతురికి అదే భరించలేనిదైంది. మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చింది.

తల్లి మెల్లగా వచ్చి ఆయన పక్కన కూర్చుంది. "మిమ్మల్ని తాగారన్నాను."

"అన్నావు."

"ఊపిరి వదలమన్నాను."

"వదిలాను."

"ఒక్క తిట్టు తిట్టకూడదటండీ!" అంటూ ఆయన చెయ్యి లాక్కుని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. "పోనీ, నేను పట్టుకున్నది తెలుస్తోందా?"

ఆమె ఇంకాస్త గట్టిగా నొక్కింది. "ఇప్పుడు?" మళ్ళీ నొక్కింది, ప్రాణమంతా చేతుల్లోకి తెచ్చుకుని. "ఇప్పుడో?"

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళు చూశాడు. "ఆ, తెలుస్తోంది," అన్నాడు నవ్వుతూ. "మెల్లగా పట్టుకోవే, విరుగుతుంది."

తల్లి ముఖం విప్పారింది. కూతురు మాత్రం ఆ చేతినే చూస్తోంది. తల్లి గోళ్ళు ఆయన చర్మంలోకి దిగిపోయి ఉన్నాయి. ఆ చెయ్యి కొంచెమైనా కదల్లేదు. ఈ ఏడాదంతా తనతో చెప్పిన "బాగానే ఉందమ్మా" కూడా ఇలాంటిదేనని ఆమెకి అర్థమైంది.

"నాన్నా," అంది. "మా కోసం చెప్పకు. నీకెలా ఉందో అది చెప్పు. నేను వింటాను."

ఆయన నవ్వు ఆగిపోయింది. ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినని గొంతుతో అన్నాడు.

"తెలియట్లేదమ్మా. నాకు మీ అమ్మ చెయ్యి తెలియట్లేదు."

కూతురు లేచి ఆయన పక్కన కూర్చుంది. తల్లి పట్టుకున్న చెయ్యి వదల్లేదు. ఆయన జీవితంలో మొదటిసారి వాళ్ళిద్దరి మధ్యా కూర్చుని బాహాటంగా ఏడ్చాడు. ఊరుకోమని ఇద్దరిలో ఎవరూ అనలేదు.